మొదటి లాంగ్‌బో కొనేముందు: దించగలిగే బరువే నీ బరువు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ప్రొద్దుటూరులో ఉంటావు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, రెండేళ్లుగా జిమ్‌కి పోతున్నావు, ఇంగ్లిష్ లాంగ్‌బో, అంటే మనిషెత్తు పొడుగు విల్లు, వీడియోలు చూసి మనసు పడ్డావు, ఆన్‌లైన్‌లో 50 పౌండ్ల విల్లు ఒకటి చూసిపెట్టుకున్నావు, మిద్దె మీద ఇరవై అడుగుల జాగా ఉంది, అక్కడ నువ్వూ తొమ్మిదేళ్ల నీ కొడుకూ కలిసి బాణాలు వేద్దామని ఆలోచన. కొనొచ్చా, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగావు. నేను అనంతపురంలో పద్నాలుగేళ్లుగా విల్లు పడుతున్నాను, తెలిసినవాళ్లలో పది పన్నెండు మందికి మొదటి విల్లు నేనే ఎంచి ఇచ్చాను, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు. లాంగ్‌బో కొను, తప్పకుండా కొను. 50 పౌండ్లది మాత్రం వద్దు. మిద్దె మీద అసలే వద్దు.

ముందు బరువు సంగతి, ఎందుకంటే మిగతా తప్పులన్నీ దీన్నుంచే పుడతాయి. విల్లు మీద 50 అని రాసి ఉంటే, నారిని 28 అంగుళాల దాకా లాగినప్పుడు నీ మూడు వేళ్ల మీద 50 పౌండ్ల బరువు, అంటే దాదాపు 23 కేజీలు పడుతుందని అర్థం. జిమ్‌లో అంతకు రెండింతలు లాగుతున్నాను కదా అంటావు. జిమ్‌లో కడ్డీని గుప్పెటతో పట్టుకుని రెండు చేతులతో లాగుతావు, ఇక్కడ ఒక చెయ్యి ముందుకు తోస్తూ ఇంకో చేతి మూడు వేళ్ల కొసలతో లాగి, దవడ దగ్గర ఆపి, కదలకుండా గురి చూడాలి. పనిచేసేది వీపు మీద రెక్కల మధ్య ఉండే కండరాలు, భుజం లోపల ఉండే చిన్న చిన్న కండరాలు. వాటికి జిమ్‌లో పెద్దగా పని పడదు.

ఇంకో తికమక ఏమిటంటే, మన రాష్ట్రంలో విలువిద్య అనగానే విజయవాడ, జ్యోతి సురేఖ గుర్తొస్తారు, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది కదా. ఆమె వేసేది కాంపౌండ్ విల్లు. కాంపౌండ్ పోటీల్లో 60 పౌండ్ల వరకు వాడుకోవచ్చు, ఆ అంకె వినేసి "వాళ్లు అంత లాగుతుంటే నేను 50 లాగలేనా" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. కాంపౌండ్‌లో చక్రాలుంటాయి, పూర్తిగా లాగేసరికి చేతి మీద ఉండే బరువులో చాలా భాగం తగ్గిపోతుంది, అందుకే వాళ్లు నింపాదిగా గురి చూడగలరు. లాంగ్‌బోలో ఆ సదుపాయం లేదు, ఎంత లాగితే అంత బరువు, ఆఖరి అంగుళంలోనే అన్నిటికన్నా ఎక్కువ బరువు. ఇక నువ్వు చూసిన ఇంగ్లిష్ వీడియోల్లోని వందకు పైబడ్డ పౌండ్ల విల్లులు యుద్ధానివి. 1545లో మునిగిపోయి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధనౌకలో అలాంటివి వందకు పైగా దొరికాయి, లాగే బరువు 100 పౌండ్ల నుంచి 180 దాకా ఉంటుందని లెక్కగట్టారు. అవి లాగినవాళ్లు చిన్నప్పటి నుంచి అదే పనిగా పెరిగారు. ఆ ఓడలో దొరికిన అస్థిపంజరాల్లో కొన్నిటికి భుజం ఎముకలే మారిపోయి ఉన్నాయి. ఆ మనుషుల లెక్క మనకు పనికిరాదు.

నా మొదటి విల్లు 45 పౌండ్లది. నాకు చెప్పేవాళ్లు లేక కొన్నాను. చెనిక్కాయ పీకేసిన చేను, ఎదురుగా నిలువెత్తు మట్టికట్ట, దాని ముందు గడ్డికట్ట, అంతా బాగానే పెట్టుకున్నాను అనుకున్నాను. నెలరోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే విల్లు నిండా లాగి గురి చూస్తున్నాను, కట్ట మీద ఒక పొట్టేలు తల కనపడింది, దాని వెనకే జీవాలు తోలుకుంటూ పదేళ్ల పిల్లోడు కట్ట ఎక్కాడు. చూశాను. దించాలి అని కూడా అనుకున్నాను. కానీ అప్పటికే ఇరవై బాణాలు వేసి ఉన్నాను, భుజం వణుకుతోంది, నారిని అదుపులో పెట్టుకుని వెనక్కి తెచ్చే బలం వేళ్లలో లేదు. సగం దించేలోపే జారిపోయింది. బాణం ఆ పిల్లోడికి రెండు మూరల దూరంలో మట్టిలో దిగబడింది. వాడు నవ్వాడు, వాడికి అర్థం కాలేదు. నేను అక్కడే కూలబడిపోయాను. ఇది జరిగి ఇన్నేళ్లయినా, ఎవరైనా "మొదటి విల్లు ఎన్ని పౌండ్లు" అని అడిగితే ముందు నాకు ఆ పొట్టేలు తల కనపడుతుంది.

అందుకే నేను అందరికీ పెట్టే పరీక్ష ఒకటే. విల్లు నిండా లాగు, దవడ దగ్గర ఐదు అంకెలు లెక్కపెట్టు, బాణం వదలకుండా నెమ్మదిగా తిరిగి దించు. అలా వరసగా పదిసార్లు చెయ్యి. పదోసారి కూడా మొదటిసారిలాగే వణుకు లేకుండా దిగితే ఆ బరువు నీది. ఏడోసారికే ముందుచెయ్యి ఊగిపోతుంటే, భుజం చెవి దాకా లేస్తుంటే, ఊపిరి బిగబట్టి లాగుతుంటే ఆ విల్లు నీది కాదు, ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టెయ్యి. లాగడం ఎవరైనా లాగుతారు. కుక్క అడ్డం వచ్చినా, పిల్లోడు పరిగెత్తుకొచ్చినా, నారి మీద పోగు తెగినట్టు అనిపించినా, వదలకుండా వెనక్కి తేగలగాలి. వ్యాయామం అలవాటున్న పెద్దవాళ్లకు ఈ పరీక్షలో సాధారణంగా 25 నుంచి 30 పౌండ్లు తేలుతుంది. నీకు 30 అనుకో. ఏడాది పోయాక 35, ఆ తర్వాత కావాలంటే 40.

నీ లాగుడు పొడవు కూడా లెక్క కట్టుకోవాలి. రెండు చేతులూ బార్లా చాపి, ఒక చేతి నడిమివేలి కొస నుంచి రెండో చేతి నడిమివేలి కొస దాకా గోడకు ఆనుకుని కొలిపించుకో, ఆ అంకెను రెండున్నరతో భాగించు. మనిషి ఎత్తూ, చాచిన చేతుల పొడవూ ఇంచుమించు ఒకటే ఉంటాయి కాబట్టి నీకు 67 అంగుళాల దగ్గర వస్తుంది, భాగిస్తే దాదాపు 27. విల్లు మీద బరువు 28 అంగుళాల దగ్గర రాస్తారని చెప్పాను కదా, ఒక అంగుళం తక్కువ లాగితే రెండు మూడు పౌండ్లు తగ్గుతాయి. అంటే 30 అని రాసిన విల్లు నీ చేతిలో 27, 28 పౌండ్లే. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, మర్చిపోవద్దు: ఆరడుగుల నీ ఫ్రెండ్ ఎవరైనా వచ్చి అదే విల్లును 31 అంగుళాలు లాగితే బరువు పెరగడమే కాదు, ఆ విల్లు తట్టుకునే హద్దు దాటి విరగొచ్చు. నా విల్లు నేను ఎవరి చేతికీ ఊరికే ఇవ్వను. మొహమాటం అనిపించినా సరే, ఇవ్వను.

ఏ రకం అన్నది తర్వాతి మాట. ఇంగ్లిష్ లాంగ్‌బో అంటే అడ్డంగా కోస్తే సగం చందమామ లాగా ఉండే కర్ర, పిడి దగ్గర బాణం ఆనించడానికి గట్టు ఉండదు, బాణం నీ చేతి మీద నుంచే పోతుంది. చూడ్డానికి దానంత అందమైన వస్తువు లేదు, కానీ మొదటి విల్లుగా నేను చెప్పను. లింబ్‌లు, అంటే పిడికి పైనా కిందా వంగే రెండు భాగాలు, కొంచెం వెడల్పుగా, పలచగా ఉండి, లోపల కర్ర లేదా వెదురు, పైనా కిందా ఫైబర్‌గ్లాస్ అంటించి, పిడి పక్కన చిన్న గట్టు తీసిన ఫ్లాట్ లాంగ్‌బోలు వస్తాయి, అమెరికన్ లాంగ్‌బో అంటారు. అది తీసుకో. 66 లేదా 68 అంగుళాల పొడవు ఉండాలి, పొట్టిది అయితే లాగిన కొద్దీ నారి కోణం వేళ్లను నొక్కేస్తుంది. ఫైబర్‌గ్లాస్ ఉండాలని పట్టుపట్టడానికి మన వాతావరణం కూడా కారణమే, ఆ మాట కిందకు వచ్చాక చెబుతాను. అకాడమీ దొరికితే ముందు అక్కడ ఇండియన్ రౌండ్ అనే మన దేశపు పోటీ విభాగంలో వాడే వెదురు విల్లు మూడు నెలలు పట్టి చూడు, మన దేశంలో చాలామంది పిల్లలు దానితోనే మొదలుపెడతారు, డబ్బు పెట్టకముందే నీ బరువు నీకు తెలిసిపోతుంది. అదీ కుదరకపోతే, లింబ్‌లు విప్పి మార్చుకునే చెక్క రికర్వ్, అంటే కొసలు ముందుకు ఒంపు తిరిగిన విల్లు, ఒకటి తీసుకుని 24 పౌండ్ల లింబ్‌లతో మొదలుపెట్టి, బలం వచ్చాక లాంగ్‌బోకి పోయినవాళ్లు ఉన్నారు. తప్పేం లేదు.

పార్సెల్ విప్పాక చేయాల్సిన మొదటి పని నారి ఎక్కించి లాగి చూడటం కాదు. దూది తీసుకో. ఆదోని పత్తి మార్కెట్ ఉన్న సీమవాళ్లం, దూదికి కరువు లేదు. చిన్న ఉండ చేసి రెండు లింబ్‌ల పొడవునా, వెనకా ముందూ, అంచుల మీదా నెమ్మదిగా రాసుకుంటూ పో. ఎక్కడైనా దూది పోగు పట్టుకుని ఆగిందంటే అక్కడ పేడు లేచింది, లేదా ఫైబర్‌గ్లాస్ అంచు విడిపోతోంది. కంటికి కనపడని పగులు దూదికి దొరుకుతుంది. తర్వాత నారి ఎక్కించి విల్లును కింది కొస వైపు నుంచి పొడవునా చూడు, నారి రెండు లింబ్‌ల నడిమధ్యగా, పిడి మీదుగా సూటిగా పోవాలి. ఒక పక్కకు ఒరిగితే లింబ్ మెలితిరిగింది, వెనక్కి పంపించు. ఈ రెండూ నేను ఇప్పటికీ ప్రతి ఆదివారం చేస్తాను.

నారి ఎక్కించడం అన్నాను కదా. మనం "గురిపెట్టాడు" అనే అర్థంలో "ఎక్కుపెట్టాడు" అనేస్తుంటాం, నిజానికి విల్లు ఎక్కుపెట్టడం అంటే నారి ఎక్కించడమే. సీతా స్వయంవరంలో పరీక్ష కూడా అదే కదా, శివధనుస్సు ఎక్కుపెట్టడం. అంత పెద్ద కథలో పరీక్షగా పెట్టిన పనిని మనం తేలిగ్గా తీసుకోకూడదు. విల్లు మధ్యలో కాలు దూర్చి, తొడకు ఆనించి వంచడం సినిమాల్లో చూసి ఉంటావు, అలా చేస్తే లింబ్ మెలిపడుతుంది, చెయ్యి జారితే కొస వచ్చి మొహానికి తగులుతుంది. స్ట్రింగర్ అని పొడుగు తాడు ఉంటుంది, రెండు వైపులా చిన్న తోలు గిన్నెలుంటాయి, వాటిని వింటి కొప్పులకు తొడిగి, తాడు మధ్యలో కాలితో తొక్కి, పిడి పట్టుకుని పైకి లేపితే విల్లు సమానంగా వంగుతుంది, అప్పుడు నారి పై ఉచ్చును జరిపి గాడిలో కూర్చోబెట్టాలి. రెండు చివరలా నారి గాడిలో పూర్తిగా కూర్చుందా లేదా అని చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే కాలు వదులు. ఈ పని చేసేటప్పుడు మొహం విల్లుకి ఎదురుగా పెట్టవద్దు.

ఎక్కించాక పిడికి, నారికి మధ్య ఎడం చూడాలి, దాన్నే బ్రేస్ హైట్ అంటారు. పాతకాలపు కొలత ఏమిటంటే, పిడి మీద పిడికిలి ఆనించి బొటనవేలు పైకి లేపితే కొస నారికి తగలాలి, అది సుమారు ఆరు ఆరున్నర అంగుళాలు. ఫ్లాట్ లాంగ్‌బోలకు ఏడు, ఏడున్నర దాకా ఉంటుంది, తయారుచేసినవాళ్లు ఎంత చెబితే అంత పెట్టు. తక్కువైతే నారి వచ్చి మణికట్టు మీద కొడుతుంది. నారి డాక్రాన్‌దే వాడు, అది కాస్త సాగే పాలియెస్టర్ దారం. ఫాస్ట్ ఫ్లైట్ లాంటి సాగని నారి వేస్తే బాణం వేగం కాస్త పెరుగుతుంది కానీ, ఆ దెబ్బంతా కొప్పుల మీద పడుతుంది, విల్లు దానికోసం చేసింది కాకపోతే కొప్పు చీలుతుంది. నారికి తేనెమైనం రాస్తుండు, ఒక్క పోగు తెగినా మొత్తం నారి మార్చు.

బాణం లేకుండా నారి లాగి వదలడం, డ్రై ఫైర్, జీవితంలో ఒక్కసారి కూడా చేయవద్దు. విల్లు దాచుకున్న శక్తి అంతా బాణం మోసుకుపోవాలి. బాణం లేకపోతే అది లింబ్‌ల్లోనే తిరుగుతుంది, అవి పేలిపోవచ్చు. మా ఇంట్లో పెళ్లికి వచ్చిన చుట్టం ఒకాయన గోడకున్న విల్లు తీసి, నారి ఎక్కించే ఉంది నా తప్పు వల్ల, ఫొటో కోసం లాగి వదిలేశాడు. పై లింబ్ మూడు ముక్కలైంది, ఒక ముక్క ఆయన కనుబొమ్మ చీల్చింది, నాలుగు కుట్లు పడ్డాయి, అంగుళం కిందకి వచ్చి ఉంటే కన్ను. ఆరోజు నుంచి వేయడం అయిపోగానే నారి విప్పేస్తాను, ఇంట్లోకి ఎక్కించిన విల్లు రాదు. అన్నట్టు, మరీ తేలిక బాణం కూడా సగం డ్రై ఫైర్ లాంటిదే. విల్లు బరువు ఒక్కో పౌండుకు బాణం కనీసం 8 నుంచి 10 గ్రెయిన్లు తూగాలి. 30 పౌండ్ల విల్లుకు 300 గ్రెయిన్లు అనుకో, అంటే పందొమ్మిదిన్నర గ్రాములకు దగ్గర. ప్రొద్దుటూరులో ఉండి గ్రాములు తూచడానికి ఇబ్బంది పడక్కర్లేదు, తెలిసిన బంగారం అంగడిలో త్రాసు మీద పెట్టి చూడమని అడుగు.

బాణాల మీద డబ్బు తగ్గించకు, ఇది గట్టిగా చెబుతున్నాను. విల్లు మామూలుదైనా ఫరవాలేదు, బాణాలు సరైనవి కావాలి. బాణం వదిలినప్పుడు అది సూటిగా పోదు, విల్లు పక్క నుంచి పాములా వంగి, చుట్టుకుని, తర్వాత సర్దుకుంటుంది. ఆ వంగే గుణాన్నే స్పైన్ అంటారు. నీ విల్లుకి తగ్గ స్పైన్ ఉండాలి. కుడిచేతివాళ్లకు బాణం మరీ బిరుసైతే ఎడమకు, మరీ మెత్తనైతే కుడికి పోతుంటుంది. ఆర్నెల్లు తన తప్పే అనుకుని బాధపడ్డ కుర్రాడికి బాణాలు మార్చి ఇస్తే వారంలో గురి కుదిరింది. అమ్మేవాళ్లకు నీ విల్లు బరువు, నీ లాగుడు పొడవు రెండూ చెప్పి ఆరు బాణాలు తీసుకో. లాగుడు కంటే అంగుళం, రెండంగుళాలు పొడవు ఉండాలి, పొట్టి బాణం నిండా లాగితే ములికి పిడి లోపలికి వచ్చేసి నీ చేతిలోకే దిగుతుంది. పింజ దగ్గర నిజమైన ఈకలు ఉండాలి, ప్లాస్టిక్‌వి వద్దు, గట్టుకు తగిలినప్పుడు ఈక నలిగి దారి ఇస్తుంది, ప్లాస్టిక్ తన్ని బాణాన్ని పక్కకు తోసేస్తుంది. వేసే ముందు ప్రతిసారీ, మళ్లీ చెబుతున్నా ప్రతిసారీ, బాణాన్ని రెండు చేతుల మధ్య కొద్దిగా వంచి, తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విను. చిటపట మంటే, గోటికి పగులు తగిలితే, విరిచి పారెయ్యి, దాచుకోవద్దు. ముఖ్యంగా కార్బన్ బాణం. పగిలిన కార్బన్ బాణం వదిలేటప్పుడు చీలితే ఆ పుల్లలు నీ ముందుచేతిలోకి దిగుతాయి.

నారి లాగే వేళ్లను కాపాడే తోలుముక్క ఫింగర్ టాబ్, ముందుచేతికి నారి దెబ్బ తగలకుండా కట్టుకునే ఆర్మ్ గార్డ్, రెండూ మొదటి రోజు నుంచే. నారి మోచేతి లోపలి పక్కన ఒక్కసారి కొడితే వారం రోజులు నీలంగా ఉంటుంది. అంతకన్నా నష్టం ఏమిటంటే తర్వాతి బాణానికి ఆ చెయ్యి భయంతో ముడుచుకుంటుంది, ఆ భయం పోవడానికి నెలలు పడుతుంది. వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు, జేబులో పెన్ను, ఇవన్నీ నారికి తగులుకునేవే. నారి పడే పక్క అన్నీ తీసెయ్యి.

ఇక జాగా. మిద్దె ఎందుకు వద్దో చెబుతాను. 30 పౌండ్ల విల్లు నుంచి బాణం గంటకు 150 కిలోమీటర్ల దరిదాపుల వేగంతో పోతుంది. కొంచెం పైకి ఎత్తి వదిలితే వంద మీటర్లు దాటి ఎక్కడో పడుతుంది. ఇరవై అడుగుల మిద్దె మీద పిట్టగోడ నడుమెత్తు ఉంటుంది, దాని అవతల వీధి, పక్క మిద్దె మీద వడియాలు ఎండబెట్టే పెద్దమ్మ. వంద బాణాలు సరిగ్గా వేస్తావు, నూట ఒకటోది వేలు జారుతుంది. వెనక వల కట్టుకుంటాను అంటావు, వల కూడా గోడ పైకి పోయిన బాణాన్ని ఆపదు. ఊరి బయట చేను చూసుకో, రైతును అడుగు, కాదనరు. పంట తీశాక అయితే మరీ మంచిది. ఎదురుగా మట్టికట్ట ఉండాలి, బావి తవ్విన మట్టిదిబ్బ లాంటిది, నీ ఎత్తుకు రెండింతలు ఉంటే నిశ్చింత. నేను చేసిన తప్పు నువ్వు చేయొద్దు, కట్ట ఉంటే సరిపోదు, కట్ట వెనక ఏముందో రోజూ ఎక్కి చూసి రావాలి, జీవాలు మేసే దారి అయితే ఆ జాగా వదిలెయ్యి. మన గుట్టలు చూసి వెనక కొండ ఉంది కదా అనుకోవద్దు. మన దగ్గర గుట్ట అంటే బండలే, రాతికి తగిలిన బాణం ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. చెరువుకట్ట కూడా వద్దు, జనం నడుస్తుంటారు.

గురికి గోనెసంచిలో పాత బట్టలు, ప్లాస్టిక్ కవర్లు బాగా కూరి కుట్టేస్తే చాలు, 30 పౌండ్ల విల్లు నుంచి వచ్చే బాణాన్ని ఆపుతుంది, లాగితే సులువుగా వస్తుంది. బొత్తాలు, జిప్పులు కత్తిరించి తీసెయ్యి. బాణం లాగేటప్పుడు నీ వెనక ఎవరూ నిలబడకూడదు, ఒక్కసారిగా ఊడి వచ్చిన బాణం నాక్, అంటే నారికి తగిలించే వెనక కొస, వెనకున్నవాళ్ల కంట్లో గుచ్చుకుంటుంది. ఒక చెయ్యి సంచికి ఆనించి, ఇంకో చేత్తో సంచికి దగ్గరగా బాణం పట్టుకుని, పక్కగా నిలబడి లాగు. బాణాలకు అంకెలు వేసుకో, ఆరు వేస్తే ఆరు దొరికేదాకా ఇంటికి పోవద్దు. గడ్డిలో పడుకున్న బాణం కనపడదు, రేపు పొద్దున చెప్పుల్లేకుండా ఆ చేలో నడిచే మనిషి కాలికో, ఎద్దు గిట్టకో అది దొరుకుతుంది.

మొదటి నెలంతా ఐదు మీటర్ల దూరం నుంచే, గురి బొమ్మ లేకుండా, ఉత్త సంచికే వెయ్యి. లాగే ముందు సగం, ముప్పావు చొప్పున పదిసార్లు లాగి దించితే నీ వీపూ, విల్లూ రెండూ వేడెక్కుతాయి. చూపుడువేలు ప్రతిసారీ నోటి మూల దగ్గర ఒకే చోట తగలాలి, అక్కడ తగిలాకే వదలాలి. రోజుకు ముప్పై నలభై బాణాలు చాలు. భుజం లోపల నొప్పి అనిపిస్తే ఆరోజుకి ఆపెయ్యి, "ఇంకొక్క వరస" అని మాత్రం అనుకోవద్దు, నా జీవాల సంగతి అలాంటి ఇంకొక్క వరసలోనే జరిగింది. బాణం నారి మీద ఉన్నంతసేపూ ములికి గురివైపే ఉండాలి. ఆకాశంలోకి ఎప్పుడూ వేయొద్దు. పిట్టలు, కుందేళ్లు, అడవిపందుల మీదికి మనసు పోనివ్వొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది, అంతకన్నా ముందు, 30 పౌండ్ల విల్లు బాణం తగిలిన జంతువు వెంటనే చావదు, నరకం పడుతుంది.

ఎండ గురించి చెబుతానన్నాను. మన సీమ జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలే. మూసిన కారులో అయితే ఇంకా చాలా ఎక్కువ. పొరలు అంటించిన విల్లును ఒక మధ్యాహ్నం కారు వెనక సీట్లో వదిలేస్తే జిగురు మెత్తబడి పొరలు విడిపోతాయి, పైకి కనపడదు, తర్వాత లాగినప్పుడు తెలుస్తుంది. టీ తాగేంతసేపు కూడా వదలొద్దు, చేత్తో పట్టుకుని దిగు. రేకుల గదిలో, మిద్దె మీది గదిలో పెట్టొద్దు. ఇక ఉత్త కర్ర, ఉత్త వెదురు విల్లులకు మన పొడి గాలి ఇంకో శత్రువు. వాటిలో ఉండాల్సిన కాస్త తడి కూడా ఎండాకాలంలో పోయి పెళుసుబారతాయి, లాగినప్పుడు ఫట్‌మని విరుగుతాయి. నిన్ను మొదటిదానికే ఫైబర్‌గ్లాస్ తీసుకోమన్నది అందుకే. నారి విప్పి, నడి ఇంట్లో, చల్లని గోడకు రెండు మేకులు కొట్టి వాటి మీద అడ్డంగా పెట్టు. మూలకు నిలబెడితే కింది లింబ్ ఒంగుతుంది. మేలో అయితే పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు ముగించెయ్యి.

మీ బాబు సంగతి చివరికి మిగిల్చాను. ఒంటిమిట్టలో కోదండరాముడిని చూసిన పిల్లోడికి విల్లు పట్టుకోవాలని ఉండటం సహజం, పట్టనివ్వు. కానీ నీ విల్లు కాదు. తొమ్మిదేళ్లవాడికి 10 నుంచి 15 పౌండ్ల పిల్లల విల్లు వేరే కొను, వాడి చేతికి తగ్గ బాణాలు, టాబ్, గార్డ్ వేరే కొను. అదే దించే పరీక్ష వాడికీ పెట్టు, పిల్లలు దాన్ని ఆటలాగా ఇష్టపడతారు. మెడలో విజిల్ వేసుకో. పోటీల్లో వాడే పద్ధతే నేర్పు: రెండు విజిళ్లంటే గీత దగ్గరకు రావడం, ఒకటంటే వేయడం, మూడంటే విల్లు కింద పెట్టి బాణాలు తెచ్చుకోవడం, ఐదంటే ఏం చేస్తున్నా ఆపేసి దించడం. ఇద్దరే ఉన్నా సరే, విజిల్ ఊదే వెయ్యండి. వాడు వేసేటప్పుడు నువ్వు వేయొద్దు, వాడి వెనకే నిలబడు. మధ్యమధ్యలో చెప్పకుండా ఐదు విజిళ్లు ఊది చూడు, వాడు నవ్వకుండా, అడక్కుండా దించితే వాడికి విలువిద్య వస్తోందన్నమాట.

నీ చేతుల కొలత ఎంత వచ్చిందో రాయి, నువ్వు చూసిన విల్లు ఫొటో ఉంటే పెట్టు. ఏది కొన్నా, మొదటిసారి నారి ఎక్కించాక లాగకముందే పక్క నుంచి ఒకటి, కొప్పుల దగ్గర నుంచి రెండు ఫొటోలు తీసి పంపు. నేను చూసి, సరేనన్నాక మొదటి బాణం వేద్దువు.